బీపీ పట్నపోళ్ల జబ్బు కాదు



మన పెంటల్లో, తండాల్లో మనిషి ఉన్నట్టుండి కుప్పకూలితే "గాలి సోకింది" అంటం. నెలలు నిండిన ఆడబిడ్డకు ఫిట్స్ వస్తే "గుర్రపువాతం" అంటం. ఈ పేర్ల వెనక చాలాసార్లు ఉండేది ఎవరూ కొలవని బీపీ.

గుర్తుపెట్టుకోండి. పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటి, దానికి తోడు ఛాతీ నొప్పి, ఆయాసం, భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం, ఫిట్స్ వీటిలో ఒక్కటున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మిషన్ లేకున్నా ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు. గర్భిణికి, బాలింతకు 160/110 దగ్గరే ప్రమాదం మొదలైతది.

అంకె ఎక్కువుండి ఏ లక్షణమూ లేకుంటే బెదరొద్దు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ కొలవండి. తగ్గకుంటే ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీకి తీసుకుపోండి. చాలామందికి గోలీలు మధ్యలో ఆపేయడమే కారణం.

నాలుక కింద మందు పిండి బీపీని గబుక్కున దించే పని ఎవ్వరినీ చేయనియ్యొద్దు. ఒక్కసారే పడిపోతే మెదడుకు రక్తం అందదు. పెద్దాసుపత్రిలో కూడా మామూలుగా మొదటి గంటలో పావు వంతుకు మించి దించరు. పక్షవాతంలో గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే పనిచేస్తది, అదీ స్కాన్ తీసినాకనే.

ఇప్పుడు చెప్పండి. అమ్రాబాద్ అడవిలో అప్పాపూర్ పెంట నుంచి, చందంపేట గుట్టల్లోని తండా నుంచి ఆ స్కాన్ దగ్గరికి ఎన్ని గంటలు? సిగ్నల్ దొరికే గట్టు ఎక్కడ? బండి రాకుంటే ఎవరి మోటారు సైకిల్?

2017లో బీపీ నియంత్రణ పథకం మొదలైన తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. 2023 నవంబర్‌లో వచ్చిన పీఎం జన్‌మన్‌లో చెంచుల వంటి తెగలకు సంచార వైద్య బండ్లు పెడతమన్నరు. సర్కారు దవాఖానాలో సమయానికి వైద్యం అందకపోతే అది జీవించే హక్కుకు భంగమేనని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అందుకే ఇది దయతో ఇచ్చేది కాదు. ప్రతి పెంటకు, తండాకు పనిచేసే బీపీ మిషన్ కావాలె. నెలకు సరిపడా గోలీలు ఊళ్లోనే దొరకాలె. వలస పోయేటోళ్లకు ముందే చేతికియ్యాలె.

అడుగుతూనే మన వంతు మనం చేద్దాం. ఈ వారమే ఆశా అక్కను పిలిచి, ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ప్రతి గర్భిణికీ బీపీ కొలిపించి రాసిపెట్టండి. ఆ కాగితమే రేపు మన వినతిపత్రం.