ఒళ్లు తగ్గడం సరే.. రైతు జేబు తగ్గకూడదు!

మందు మొక్కల సాగు అనగానే రైతుకు ఆశ పుడుతుంది. పత్తి, మిర్చి వేసి అప్పులపాలైనవాడికి ‘ఎకరాకు లక్షలు’ అన్న మాట చెవిన పడితే ఆగడం కష్టమే. అలాంటి పంటల్లో కోలియస్ ఒకటి. దీని దుంపలో ఫోర్‌స్కోలిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని తీసి, లావు తగ్గించే మాత్రలుగా విదేశాల్లో అమ్ముతున్నారు. తమిళనాడులో సేలం వైపు రైతులు కంపెనీల ఒప్పందం మీద దీన్ని పండించారు. పంటను తప్పుపట్టడం లేదు. దాని గిరాకీ దేని మీద నిలబడిందో చూసుకుని దిగాలన్నదే మా మాట.

ఇంతకీ ఈ మాత్రలతో లావు తగ్గుతారా? 2005లో 30 మంది లావుపాటి మగవాళ్లకు 12 వారాలు ఇచ్చి చూశారు. ఒంట్లో కొవ్వు కాస్త తగ్గింది గానీ తూకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే ఏడాది 23 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలోనూ బరువు తగ్గలేదు. కేరళవాళ్లు చేపల పులుసులో వేసే కొడంపులిదీ అదే కథ. 1998లో 135 మందితో పరీక్షిస్తే, ఆ మందు మింగినవాళ్లకూ ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకూ తేడా కనిపించలేదు. ఇలాంటి మాత్రల్ని టీవీలో పొగిడిన డాక్టరును 2014లో అమెరికా సెనేట్ కమిటీ పిలిచి నిలదీసింది.

అంటే ఈ గిరాకీ ప్రచారం మీద నడిచేది. ప్రచారం ఉన్నన్నాళ్లు కొనేవాడు మన గడప తొక్కుతాడు. అది చల్లబడితే ఫోనెత్తడు. కందులైతే మార్కెట్ యార్డుకు తోలుకోవచ్చు. ఈ దుంపను ఎక్కడికి తోలతాం? సఫేద్ ముస్లీ విషయంలో ఏం జరిగింది? విత్తన దుంపలు అమ్మినవాళ్లు బాగుపడ్డారు, పండించినవాళ్లలో చాలామంది కొనే దిక్కులేక కూర్చున్నారు.

అయినా వేస్తామంటారా? మొదట పది సెంట్లలో వేసి చూడండి. ఇది ఆరు నెలల పంట. నీరు నిలిచే నేల పనికిరాదు. వేరుబుడిపె నులిపురుగు, ఎండు తెగులు సోకితే దుంప చేతికి రాదు. పైగా ఎనిమిది, పది బస్తాల పచ్చి దుంప ఎండితే బస్తా అవుతుంది. కాబట్టి ధర పచ్చిదానికా, ఎండుదానికా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. ఫోర్‌స్కోలిన్ శాతాన్ని బట్టి ధర కడతామంటే, ఆ పరీక్ష ఎవరు చేస్తారో కూడా అడగాలి. సరుకులో కొంత నమూనా మన దగ్గర అట్టిపెట్టుకోవాలి. కొమ్మ ముక్కలకు ముందే డబ్బు గుంజి, కొనుగోలు మాట మాత్రం నోటితో చెప్పేవాణ్ణి దండం పెట్టి పంపించెయ్యండి. హైదరాబాద్ బోడుప్పల్‌లో కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ ‘సీమాప్’ కేంద్రం ఉంది. అడ్వాన్సు కట్టే ముందు అక్కడ అడిగి తెలుసుకోండి.

ఇంట్లో ఎవరైనా ఇలాంటి డబ్బాలు కొంటామంటే వాళ్లకూ ఒక మాట. ఫోర్‌స్కోలిన్ బీపీని తగ్గిస్తుంది. బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా వాటి జోలికి పోకూడదు.

కొత్త పంట వద్దనడం మా ఉద్దేశం కాదు. కొనేవాడు ఖాయమయ్యాకే నాగలి కట్టమంటున్నాం.