‘ఈసీఎం పోయింది’ అంటే.. ‘ఏం కొలిచినావన్నా?’ అని అడగండి

పోయిన టమోటా సీజన్‌లో మా మేనమామ పికప్ బండి అర్ధరాత్రి ఆగిపోయింది. పుంగనూరు దాటి మదనపల్లెకు పోయే దారి. వెనక నిండా టమోటా క్రేట్లు. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతాది గానీ స్టార్ట్ కాదు. ఇంకో బండి మాట్లాడి సరుకు మార్చి మదనపల్లె యార్డుకు చేర్చేసరికి పొద్దుటి వేలం అయిపోయింది. రైతు ఏమీ అనలేదు. అదే మామకు ఇంకా కష్టమనిపించింది.

బండిని కట్టి లాక్కొని మదనపల్లెలో ఒక వర్క్‌షాపుకు తీసుకుపోయినాం. పిల్లోడొకడు వచ్చి స్కానర్ పెట్టినాడు. స్కానర్ బండితో మాట్లాడలేదు. అంతే, ఐదు నిమిషాల్లో తీర్పు వచ్చేసింది. ‘ఈసీఎం పోయింది. కొత్తది డెబ్బై వేలు అవుతాది, పది రోజులు పడతాది’ అన్నారు. నెలకు కంతు కట్టుకునే మనిషికి డెబ్బై వేలు ఒక లెక్క, పది రోజులు బాడుగ లేకపోవడం ఇంకో లెక్క. మామ బండి పక్కనే కూలబడినాడు.

మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ అన్న ఒకాయన పుంగనూరులో ఉండాడు. ఫోన్ చేస్తే, ‘ఏం కొలిచి చెప్పినారంట?’ అని ఒకే మాట అడిగినాడు. మా దగ్గర జవాబు లేదు. ‘సరే, బండిని ఈడికి లాక్కురాండి’ అన్నాడు.

ఆయన స్కానర్ ముట్టనే లేదు. మల్టీమీటర్ తీసినాడు. బ్యాటరీ బాగుంది. ఈసీఎంకు పోయే ఫ్యూజులు, మెయిన్ రిలే బాగుండాయి. తాళం ఆన్ చేసి, ఈసీఎం ఎర్తు పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజి చూసినాడు. అక్కడ దాదాపు సున్నా ఉండాల. మీటరు నాలుగు వోల్టుల పైన చూపించింది. ‘వారం పది దినాల్లో బండికి ఏమైనా పని చేయించినావా మావా?’ అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. క్రేట్లు ఎక్కువ పట్టాలని వెనక కమ్మీలు వెల్డింగ్ చేయించి రంగు కొట్టించినాం. ఎర్తు బోల్టు విప్పి, రంగు మీదనే మళ్ళీ బిగించినారు. బండి అదురుకు అది వదులైంది. బోల్టు తీసి, ఉప్పు కాగితంతో ఇనుము తెల్లగా కనిపించేదాకా రుద్ది బిగిస్తే బండి మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. ఆరు వందలు తీసుకున్నాడు.

‘మీ అదృష్టం. బ్యాటరీ విప్పకుండా వెల్డింగ్ చేసినారు. ఆ దెబ్బకు ఈసీఎం నిజంగానే కాలిపోయుండాల్సింది’ అని పోయేటప్పుడు చెప్పినాడు.

పెట్టె చచ్చిందని ఎట్లా తెలుస్తాది?

ఈసీఎం అంటే ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్. ఇంజన్‌లోకి డీజిల్ ఎప్పుడు, ఎంత పోవాలో సెన్సార్లను చూసి లెక్క కట్టే పెట్టె. పాత డీజిల్ బండ్లలో ఆ పని పంపే చేసేది. మన మెకానిక్కు చెవితో విని సరిచేసేవాడు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చినాక ఆ కాలం పోయింది. పొగ తగ్గింది, అది మంచిదే. ఇప్పుడు ట్రాక్టర్ల వంతు కూడా వచ్చింది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 నిబంధనలు అమల్లో ఉండాయి. అంటే రేపు దుక్కి మధ్యలో చేన్లో ఆగిపోయిన ట్రాక్టరుకు కూడా ఇదే మాట వినాల్సి రావచ్చు.

ఆ పెట్టె గట్టిదే. దానికి కరెంటు తెచ్చే వైర్లు, కప్లర్లు, ఎర్తు బోల్టులే ముందుగా చెడతాయి. ఎలకలు కొరుకుతాయి. వాటర్ సర్వీసింగ్‌లో గన్‌తో కొట్టిన నీళ్లు కప్లర్‌లోకి దిగి పిన్నులు పచ్చబారతాయి. అందుకే ఈసీఎంను అనుమానించడం ఆఖరి మెట్టు కావాల. దానికి ముందు కొన్ని ఉండాయి:

ఒకటి, తాళం ఆన్ చేయగానే మీటర్‌లో ఇంజన్ గుర్తు లైటు వెలగాల. వెలగకపోతే ఈసీఎంకు కరెంటు గానీ ఎర్తు గానీ అందలేదేమో ముందు చూడాల. అవి రెండూ సరిగా ఉన్నప్పుడే పెట్టె మీద అనుమానం.

రెండు, స్కానర్ పెట్టే సాకెట్‌కే కరెంటు ఉందా? 16వ పిన్ను బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్నులు ఎర్తు. సాకెట్ ఫ్యూజు పోయినా స్కానర్ మాట్లాడదు. దానికి ఈసీఎంను తిడితే ఏం లాభం?

మూడు, బ్యాటరీ విప్పి 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూడాల. క్యాన్ లైను ఆ పిన్నులకు వచ్చే బండ్లలో మామూలుగా 60 ఓమ్స్ దగ్గర రావాల. 120 వస్తే లైను ఎక్కడో తెగిందని, సున్నా దగ్గర వస్తే రెండు వైర్లు కలిసిపోయినాయని అనుమానించాల.

నాలుగు, సెన్సార్లకు ఈసీఎం ఇచ్చే 5 వోల్టులు వస్తాండాయా? రాకపోతే సెన్సార్లను ఒక్కొక్కటే పీకి చూడాల. ఒకదాన్ని పీకగానే 5 వోల్టులు తిరిగొస్తే, దొంగ ఆ సెన్సారో దాని వైరో. పెట్టె కాదు.

ఇవన్నీ సరిగా ఉండి కూడా బండి పలకకపోతే అప్పుడు ఈసీఎం పోయిందనడంలో అర్థముంది. వీటికి కావాల్సింది మల్టీమీటరు, వైరింగ్ బొమ్మ, గంట ఓపిక.

కుప్పంలో నిజంగానే పోయింది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 42వ నంబరు జాతీయ రహదారి మీదనే ఉండాయి. కుప్పంలో నా సావాసగాడొకడు బెంగుళూరికి కూరగాయలు తోలతాడు. వానల్లో వాని బండి ఈసీఎంలోకి నీళ్లు దిగినాయి. పైన చెప్పిన పరీక్షలన్నీ చేసినారు. కరెంటు ఉంది, ఎర్తు ఉంది, లైను బాగుంది. పెట్టె విప్పితే లోపల బోర్డు పచ్చగా తుప్పు పట్టి ఉంది. ఈసారి తీర్పు నిజమే.

వాడు బెంగుళూరు పాత సామాన్ల మార్కెట్లో అదే పార్ట్ నంబరు పెట్టె పట్టుకొచ్చినాడు. బిగించినాడు. సెల్ఫ్ తిరుగుతాది, బండి స్టార్ట్ కాదు. ఎందుకంటే ఆ పెట్టెకు ఈ బండి తాళం తెలియదు. ఇమ్మొబిలైజర్ అంటారు, తాళంలోని చిప్పును ఈసీఎం గుర్తుపడితేనే డీజిల్ వదుల్తాది. అది కుదిరినా పని అయిపోదు. ఒక్కో ఇంజెక్టర్ మీద ఒక కోడ్ రాసుంటాది, చాలా డీజిల్ బండ్లలో వాటిని కొత్త పెట్టెకు చెప్పాల. లేకపోతే ఇంజన్ దడదడలాడుతాది, పొగ పోస్తాది.

ఇవన్నీ చేసే సాఫ్ట్‌వేరు కంపెనీ లాగిన్ ఉన్నోళ్ల చేతిలోనే ఉంది. వాళ్లు ‘పాత పెట్టెకు మేము చేయం, కొత్తది కొను’ అన్నారు. చివరికి బెంగుళూరులోనే ఒకాయన పాత బోర్డులోని మెమరీని చదివి కొత్తదాంట్లోకి ఎక్కించినాడు. బండి నడిచింది. కానీ పన్నెండు దినాలు పోయినాయి. కుప్పం మెకానిక్కుకు పని రాక కాదు. రోగం కనిపెట్టింది ఆయనే, పెట్టె మార్చింది ఆయనే. ఆఖరి పది నిమిషాల పనికి మాత్రం తాళంచెవి ఆయన దగ్గర లేదు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాల?

ఈ గొడవ కొత్తది కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రోగం కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేసినారని, ఇకమీదట అందించాలని చెప్పింది. కంపెనీలు అప్పీలుకు పోయినాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంట్లో సామాన్లు, వాహనాలు అని నాలుగు రంగాలు పెట్టుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచినారు. పోర్టల్లో కస్టమర్ కేర్ నంబర్లు చూసుకుంటే కుప్పంలో తాళం పెట్టెతో కలవదు. దానికి కంపెనీని కట్టిపడేసే చట్టం కావాల.

బయట చూడండి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2012లోనే జనం ఓటేసి కార్ల రిపేరు హక్కు చట్టం తెచ్చుకున్నారు. కొలరాడోలో 2023లో రైతుల కోసమే, ట్రాక్టర్ల లాంటి యంత్రాలకు అట్లాంటి చట్టం చేసినారు.

కంపెనీల మాటలో కూడా నిజం ఉంది. తాళం కోడ్లు అందరికీ ఇస్తే దొంగలకు పండగ. సాఫ్ట్‌వేరు చేతికిస్తే పొగ తగ్గించే పరికరాలను ఆపేసేవాళ్లు ఉంటారు. ఇప్పటికే ఉండారు, అది తప్పు. కానీ దీనికి మందు ఉంది. అమెరికాలో మెకానిక్కుల, తాళాల పనివాళ్ల పూర్వాపరాలు తనిఖీ చేసి, నమోదు చేసి, ఎవరు ఏ బండికి కోడ్ తీసుకున్నారో రికార్డు పెట్టి ఇస్తాండారు. మన దగ్గర ఐటీఐ చదివి షాపు పెట్టుకున్నోడికి అట్లా నమోదు ఇచ్చి, రోజుకింత అని రుసుము తీసుకుని సాఫ్ట్‌వేరు ఇవ్వడం కష్టమేం కాదు.

చట్టం వచ్చేదాకా ఊరికే కూర్చోవాల్నా? అక్కర్లేదు. ఐటీఐ, డిప్లొమా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు స్కానర్ కంటే ముందు మల్టీమీటరు నేర్చుకోండి. స్కానర్ ఉన్నోళ్లు నిండా మంది ఉండారు, వోల్టేజి కొలిచి రోగం చెప్పేవాళ్లు ప్రతి మండలంలో కావాల. బండి ఓనర్లు వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ విప్పించండి, ఈసీఎం కప్లర్లు కూడా తీయించండి. ఎర్తు బోల్టు కింద రంగు లేకుండా చూసుకోండి. ఈసీఎం మార్చాలని ఎవరన్నా అంటే ఏం కొలిచినారో, ఎంత వచ్చిందో బిల్లు మీద రాయించుకోండి. మార్చితే పాత పెట్టె వెనక్కి తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవ గురించీ ధర గురించీ తెలుసుకునే హక్కు మనకుంది. మోసం అనిపిస్తే 1915కు ఫోన్ చేయొచ్చు.

మా మామ ఇప్పుడు బండిలో చిన్న మల్టీమీటరు పెట్టుకున్నాడు. వాడటం ఇంకా సరిగా రాదు. పోయిన వారం పుంగనూరు అన్న దగ్గర కూర్చుని నేర్చుకుంటా ఉంటే, యార్డు నుంచి వచ్చిన ఇంకో ఇద్దరు డ్రైవర్లు కూడా పక్కన చేరినారు.