రెండు శ్రీకాకుళాలు, ఒక లాగిన్

మాది శ్రీకాకుళం అనగానే క్లాసులో అందరూ "అబ్బో, అంత దూరం నుంచా!" అంటారు. ఆ జిల్లా కాదు బాబూ, ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు అని ప్రతిసారీ చెప్పుకోవాలి. పేరొక్కటే చూస్తే ఎంత పొరపాటు పడతామో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా పోయిన సెమిస్టర్‌లో అదే తప్పు నేనూ చేశాను.

మేం ప్రాజెక్టు చేసిన ల్యాబులో సగం విండోస్, సగం ఉబుంటు. ఏ మెషీన్ అకౌంట్లు ఆ మెషీన్‌లోనే. ఫైళ్లు మాత్రం అందరివీ ఒకే సర్వర్‌లో. ఒకరోజు మా రిపోర్టు పోయి, దాని స్థానంలో సగం రాసిన పాత కాపీ కనిపించింది. ఓనరు ఎవరా అని చూస్తే ఒక జూనియర్ పేరు. అందరి ముందూ వాణ్ణి నానా మాటలూ అన్నాను. "నేను కాదన్నా" అని మొత్తుకున్నా వినలేదు.

రెండు రోజులకి అసలు సంగతి తెలిసింది. లినక్స్ ఫైలు మీద పేరు రాయదు, నంబరు రాస్తుంది. సర్వర్‌లో 1003 అంటే వాడు. నేను కూర్చున్న మెషీన్‌లో 1003 అంటే నేను. పాత కాపీ పెట్టింది నేనే!

లాగిన్ అంటే తాళం అనుకుంటాం. నా మటుకు అది సాక్ష్యం. తప్పు చేయనివాణ్ణి కాపాడేది అదే. "అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చేస్తే పోలా?" అనేవాళ్లకి ఇదే నా జవాబు. మా డెల్టాలో కాలువ అందరిదీ. కానీ ఏ తూము ఏ పొలానిదో తెలియాలి. లేకపోతే నీళ్లందని శివారు రైతు ఎవర్ని అడుగుతాడు?

దీనికి మందు ఒకటే: యూజర్ల పట్టిక, వాళ్ల నంబర్లతో సహా, ఒకేచోట ఉండాలి. డబ్బుల్లేవంటారా? ఆండ్రూ ట్రిడ్జెల్ ఆస్ట్రేలియాలో విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టిన సాంబా ఉంది. 2012లో వచ్చిన 4.0 నుంచి అది యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గానూ పనిచేస్తుంది. లైసెన్సు ఖర్చు లేదు. విండోస్, ఉబుంటు రెండూ అందులో చేరతాయి.

"ఆ సర్వర్ ఆగితే అందరం ఆగిపోతాం కదా?" నిజమే, అందుకే రెండు పెట్టుకోవాలి. గడియారాలూ కలవాలి, మామూలుగా ఐదు నిమిషాలు మించి తేడా వస్తే కెర్బరోస్ లోపలికి రానివ్వదు. పని ఉంది, కాదనను. కానీ కొత్త కంప్యూటర్లు కొనే ముందు చేయాల్సింది ఈ పనే. ల్యాబు ఇస్తే సెలవుల్లో మేమే చేస్తాం. ఆ జూనియర్ కూడా వస్తానన్నాడు.