టైమ్‌అవుట్ ఎవరికి?

నేను ఉద్యోగంలో రోజూ రాసే మాట ఒకటుంది: టైమ్‌అవుట్. ఓటీపీకి కొన్ని నిమిషాలు, లాగిన్ సెషన్‌కి అరగంట, సర్వర్ లాగ్స్‌కి తొంభై రోజులు. గడువు దాటితే సిస్టమ్ ఇంక మన మాట వినదు. ఓటీపీ అయితే 'రీసెండ్' నొక్కుతాం, అక్కడితో సరి. మనిషి మాటకి కూడా ఇలాంటి గడువు ఉంటుందని ఈమధ్యే తెలిసింది.

పెద్దమ్మ వాళ్లింట్లో పెళ్లి. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద నేనూ అక్కా కూర్చున్నాం. అక్కకి 31. ఉన్నట్టుండి అడిగింది: "ఏరా, ఇరవై ఏళ్ల కిందటి దానికి ఇప్పుడు కేసు పెట్టొచ్చా?"

ఏదో వెబ్ సిరీస్ చూసి అడుగుతోందనుకున్నా. కాదు. 2006లో అక్క ఆరో తరగతి. ట్యూషన్ మాస్టారు అందర్నీ పంపేసి, లెక్కలు సరిచూస్తానని తనని ఒక్కదాన్నే ఉంచేవాడట. వెయ్యకూడని చోట చెయ్యి వేసేవాడట. అంతకంటే అక్క చెప్పలేదు, నేను అడగలేదు. (తను సరేనన్నాకే, కొన్ని వివరాలు మార్చి ఇది రాస్తున్నా.)

"ఇప్పుడెందుకక్కా?" అన్నా. ఆ మాట నోట్లోంచి రాగానే నాలుక కరుచుకున్నా.

"ఆ బోర్డు ఇంకా ఉందిరా. మా పాపంత పిల్లలు పుస్తకాలు పట్టుకుని లోపలికెళ్తున్నారు."

నాకు లా తెలీదు. కానీ డాక్యుమెంటేషన్ చదవడం వచ్చు కదా. రెండు రాత్రులు కూర్చుని చదివా, తర్వాత తెలిసిన లాయర్‌ని అడిగి సరిచూసుకున్నా.

మన దేశంలో కేసు పెట్టే గడువు నేరానికి పడే గరిష్ఠ శిక్షని బట్టి ఉంటుంది. జరిమానా మాత్రమే అయితే ఆరు నెలలు. ఏడాది వరకు జైలు అయితే ఒక ఏడాది. మూడేళ్ల వరకు జైలు అయితే మూడేళ్లు. అంతకుమించి శిక్ష ఉన్న నేరానికి గడువే లేదు. పాత సీఆర్‌పీసీ 468లో ఉన్న ఈ లెక్కే, 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 514వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

అంటే అత్యాచారానికి గడువు లేదు. పోక్సో కింద పిల్లల్ని లైంగిక ఉద్దేశంతో తాకితే మూడు నుంచి ఐదేళ్ల జైలు, కాబట్టి దానికీ గడువు లేదు. ఎంత బాగుందో అనుకున్నా.

కానీ పోక్సో అమల్లోకి వచ్చింది 2012 నవంబరు 14న. నేరం జరిగిన రోజున లేని చట్టం కింద ఎవర్నీ శిక్షించకూడదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతోంది. అక్క విషయంలో వర్తించేది అప్పటి ఐపీసీ 354. అప్పట్లో కేంద్ర చట్టం ప్రకారం దానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. దాన్ని ఐదేళ్లకి పెంచింది 2013లో. రెండేళ్ల శిక్ష కాబట్టి గడువు మూడేళ్లు. అంటే 2009తో సరి.

2009లో అక్క తొమ్మిదో తరగతి. స్టేషన్ మెట్లెక్కడం మాట అటుంచండి, అమ్మతో చెప్పడానికే మాటలు తెలియని వయసు. ఆ వయసులోనే తన టైమ్ అయిపోయింది.

గడువు పెట్టడానికీ కారణాలున్నాయి. ఏళ్లు గడిస్తే సాక్షులు చనిపోతారు, జ్ఞాపకాలు మసకబారతాయి, తప్పు చేయనివాడు తనని తాను నిరూపించుకోలేడు. ఒప్పుకుంటా. చిన్న దొంగతనాలకి ఈ లెక్క సరే. కానీ పిల్లల మీద జరిగే ఈ నేరం పిల్లల మౌనం మీదే బతుకుతుంది. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53 శాతం మంది పిల్లలు చెప్పారు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఎక్కువమంది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నాకు బాగా మండిన విషయం ఇంకోటి. మైనర్ పేరు మీదున్న పొలాన్ని గార్డియన్ కోర్టు అనుమతి లేకుండా అమ్మేశాడనుకోండి. ఆ పిల్లాడు 18 నిండాక మూడేళ్లలోపు కోర్టుకెళ్లి ఆ అమ్మకాన్ని రద్దు చేయమని అడగొచ్చు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలోనే ఉంది. అంటే పొలం దగ్గరికొచ్చేసరికి, పిల్లలు పెద్దయ్యేదాకా గడియారం ఆగుతుంది. ఒంటి మీద జరిగిన నేరానికొచ్చేసరికి, క్రిమినల్ చట్టంలో ఆ ఆగడం లేదు.

2018లో, చెన్నైలో పెరిగి కెనడాలో స్థిరపడిన ఒక మహిళా శాస్త్రవేత్త తన చిన్నప్పటి విషయం మీద ఇదే ప్రశ్న లేవనెత్తారు. ఆ ఏడాది అక్టోబరులో కేంద్రం, పోక్సోలో ఫిర్యాదుకి గడువేమీ లేదని, బాధితులు ఏ వయసులోనైనా చెప్పొచ్చని స్పష్టం చేసింది. మంచిదే. కానీ పోక్సోకి ముందు జరిగినవాటి లెక్క దానితో మారలేదు. పోక్సోలోనూ 12వ సెక్షన్ ఉంది. అసభ్య మెసేజ్‌లు, బూతు ఫొటోలు చూపించడం, వెంటపడటం లాంటి వేధింపులు. శిక్ష మూడేళ్ల వరకే. పై లెక్క ప్రకారం మూడేళ్ల గడువు దీనికి అడ్డం పడొచ్చు. ఫోన్‌లో పిల్లలకి ఎదురయ్యే వేధింపుల్లో చాలావరకు ఈ రకమే కదా!

న్యాయం కోసం అవసరమనిపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకి ఉంది. అది కోర్టు దయ మీద ఆధారపడేది, బాధితుల హక్కు కాదు. న్యూయార్క్ రాష్ట్రం 2019లో చట్టం మార్చి, తీవ్రమైన నేరాల్లో బాధితులకి 28 ఏళ్లొచ్చేదాకా క్రిమినల్ కేసుకి, 55 ఏళ్లదాకా నష్టపరిహారం దావాకి వీలిచ్చింది. మనం కనీసం 18 నిండేదాకా గడియారం ఆపితే చాలు. పొలానికి ఆపినట్టే.

ఇదంతా అక్కకి ఫోన్‌లో చెప్పా. తను చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నాది ఎక్స్‌పైర్ అయిపోయిందన్నమాట" అంది.

"నీ కేసు కష్టమేనక్కా, లాయర్ కూడా అదే అన్నారు. కానీ ఇంకో దారుంది."

పోక్సో 19వ సెక్షన్: నేరం జరిగిందని తెలిసినవాళ్లే కాదు, జరగబోతుందేమోనన్న భయం ఉన్నవాళ్లు కూడా పోలీసులకి చెప్పాలి. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు. ఇరవై ఏళ్ల కిందటిది రుజువు చేయాల్సిన పని లేదు. ఇవాళ ఆ గదిలో పిల్లలున్నారు, అదీ అసలు విషయం.

ఆ ఆదివారం ఇద్దరం కలిసి 1098కి ఫోన్ చేశాం. మరుసటి వారం అక్క స్టేషన్‌కెళ్లి రాతపూర్వకంగా ఇచ్చింది. ఏమవుతుందో చూడాలి. బయటికొచ్చాక, "ఇరవై ఏళ్లలో మొదటిసారి ఎవరో రాసుకున్నార్రా" అంది.

మీతో ఎవరైనా ఇలాంటిది చెప్తే, నాలా "ఇప్పుడెందుకు" అనకండి. ముందు వినండి. ఏ సంవత్సరం, అప్పుడు వయసెంత, ఏం జరిగింది, తను చెప్పినంతవరకు రాసి పెట్టండి. తర్వాత లాయర్‌ని అడగండి. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పిల్లలకీ ఆడవాళ్లకీ ఫీజు లేకుండా చూస్తారు. గడువు దాటిందో లేదో వాళ్లు తేలుస్తారు. మన దగ్గరే టైమ్‌అవుట్ పెట్టేయొద్దు.