కారడం బుల్లెట్టు జాతిలక్షణమా?

మా కడప జిల్లాలో బుల్లెట్టు మోటారుసైకిలు గురించి ఒక నానుడి ఉంది. ఏ మెకానిక్కు షెడ్డుకు వెళ్ళినా వినబడుతుంది. "బుల్లెట్టంటే కారకుండా ఉంటాదా సార్? కారితేనే దాంట్లో ఆయిలు ఉండాదని లెక్క!" అని. చెప్పినవాడు నవ్వుతాడు, విన్నవాడూ నవ్వుతాడు, బండి కింది అట్టముక్క మీద నల్లటి మచ్చ ఇంకొంచెం పెద్దదవుతుంది. ఏళ్ళ తరబడి ఛందస్సూ సంధులూ చెప్పుకొని బతికిన తెలుగు పండితుడికి ఈ నానుడి మీద ఇంత కోపమెందుకని మీరడగవచ్చు. ఒకటి, ఇది అబద్ధం. రెండు, ఈ అబద్ధాన్ని నమ్మినందుకు నేనూ మా ఆవిడా ఒక మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద ప్రాణాల మీదికి తెచ్చుకున్నాము.

పద్యంలో వ్యాకరణానికి పొసగని ప్రయోగం కనబడినప్పుడు, కవి పెద్దవాడైతే, "ఆర్షం" అని తప్పించుకోవడం మా పండితులకు అలవాటు. కొన్నిచోట్ల ఆ మాట న్యాయమే. చాలాచోట్ల మాత్రం అది కవి చేసిన తప్పు కాదు, తాటాకు మీద ఎత్తి రాసినవాడి చేతిదోషం. కడపలో కూర్చొని బ్రౌను దొర పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పోల్చి చూపించింది ఇందుకే గదా. దోషం ఎక్కడ పుట్టిందో తేల్చకుండా దిద్దుబాటుకు పూనుకోరాదు. బుల్లెట్టు దగ్గరికి వచ్చేసరికి మనం ఈ వివేకాన్ని గాలికి వదిలేశాము. చేతిదోషాలన్నిటినీ మూట గట్టి, తయారుచేసినవాడి నెత్తిన పెట్టి, "జాతిలక్షణం" అని పేరు పెట్టాము.

మా బండి 1974లో మా మేనమామ కొన్న 350. మద్రాసు తిరువొత్తియూరులో పుట్టింది. ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీతో కలిసి 1955లో అక్కడ ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడిన సంగతి, మన సైన్యం గస్తీ కోసం ఈ బండ్లనే ఎంచుకున్న సంగతి చాలామందికి తెలిసిందే. మైలు మైలుకూ నూనె పోసుకోవలసిన బండినైతే సైన్యం ఏరికోరి తెచ్చుకునేదా? మామయ్య కాలంలో మా ఇంటి వసారాలో, కడప బండల మీద, ఆ బండి ఏళ్ళకేళ్ళు నిలబడింది. నల్లబండ మీద మచ్చ కనబడదులే అనకండి. మా అత్తయ్య కడిగిన బండ మీద చీమ తల కనబడేది.

అది నా చేతికి వచ్చాక కారడం మొదలైంది. 2011 వేసవిలో ప్రొద్దుటూరులో ఒక షెడ్డుకు ఇచ్చాను. ఆ మనిషి విప్పిన ప్రతి మూతకూ పాత ప్యాకింగు గీకేసి, సిలికాన్ పేస్టును దోసె మీద వెన్న రాసినట్టు దట్టంగా రాసి బిగించాడు. వారం రోజులు చుక్క పడలేదు. సంబరపడ్డాను. ఎనిమిదోనాడు జమ్మలమడుగు నుంచి పులివెందులకు పెళ్ళికని ఇద్దరమూ బయలుదేరాము. ముద్దనూరు దాటి తొండూరు చేరకముందే ఇంజనులో సమ్మెటపోటు వంటి చప్పుడు పుట్టింది. ఏమిటా అనుకొనేలోగా వెనుక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది. చెయ్యి తనంతట తానే క్లచ్చు నొక్కింది కాబట్టి ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

ఇంజను విప్పించి చూస్తే బిగ్ ఎండు బుష్షు కాలి నల్లబడి ఉంది. నూనె వెళ్ళే దారిలో సేమియా ముక్కంత పేస్టు పోగు అడ్డుపడి ఉంది. రెండు మూతల నడుమ అధికంగా రాసిన పేస్టు బయటికి ఎంత ఉబుకుతుందో లోపలికీ అంతే ఉబుకుతుంది. బయటిది మనం గుడ్డతో తుడుస్తాము, లోపలిదాన్ని ఎవరు తుడుస్తారు? అది గట్టిపడి, తెగి, నూనెతో కొట్టుకుపోయి సన్నని రంధ్రంలో కూర్చుంటుంది. ఇదంతా వివరించి చెబితే ఆ షెడ్డు మనిషి అన్న మాట: "పాత బండి సార్, తూకానికి ఏసేయండి."

పేస్టు మహాపాతకమని నేననడం లేదు. ఉండవలసిన చోట, వెంట్రుకంత పూతగా ఉంటే అదీ మంచిదే. రోగమేమిటో తెలియకుండా అన్నిటికీ అదే పట్టు వేయడం మీదనే నా అభ్యంతరం.

రోగం తెలియకపోవడానికి సగం కారణం "లీకు" అన్న మాట. మన భాషలో చెమర్చడం వేరు, ఊరడం వేరు, కారడం వేరు, చిమ్మడం వేరు. ఈ నాలుగింటినీ ఒకే మాటలో పోసి కలిపేశాక వైద్యం కూడా ఒక్కటే అయి కూర్చుంది. రాకర్ కవరు అంచున సన్నగా చెమ్మ తగిలి దుమ్ము అంటుకుంటే అది చెమర్చడం. పాత ప్యాకింగు అలసిపోయింది, మార్చితే సరి. మార్చకపోయినా కొంపలేమీ మునగవు. అడుగు ప్లగ్గు దగ్గర రాత్రంతా కూడి తెల్లవారేసరికి ఒక బొట్టుగా వేలాడితే అది ఊరడం. అక్కడ తప్పు వాషరుది. ఎడమవైపు చైన్ కవరు కింద నుంచి ధారగా దిగితే అది కారడం. ఆ పెద్ద మూత అంతటినీ నడిమధ్య ఒకే ఒక నట్టు పట్టి ఉంచుతుంది, చుట్టూ రబ్బరు సీలు ఉంటుంది. కారుతోందని మనవాళ్ళు ఆ నట్టును పానాకు గొట్టం తొడిగి మరీ బిగిస్తారు. మూత వంగుతుంది, మరింత కారుతుంది, మరింత బిగిస్తారు. ఆ నూనె వెనుక టైరు మీదికి చేరిన రోజున మలుపులో ఏమవుతుందో, వెనుక పిల్లను కూర్చోబెట్టుకొని బడికి దించే తండ్రులు ఒక్కసారి ఆలోచించాలి.

నాలుగోది, చిమ్మడం. అన్నిటికంటే ఎక్కువ అపార్థానికి గురయ్యేది ఇదే. పిస్టను దిగిన ప్రతిసారీ కింది గదిలోని గాలి నలుగుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి ఒక ఊపిరిగొట్టం, పోయిన గాలి వెనక్కి రాకుండా బాతుముక్కు వంటి ఒక రబ్బరు కవాటం ఈ బండికి పెట్టారు. మన ఎండలకు ఆ రబ్బరు కొన్నాళ్ళకు గట్టిపడుతుంది, పెదవులు అతుక్కుపోతాయి. లేదా గొట్టం ఎక్కడో నలుగుతుంది. ఊపిరాడని ఇంజను ఏ సందు దొరికితే ఆ సందున నూనెను నెట్టుతుంది. ఒక సందు మూస్తే మరో సందు వెతుక్కుంటుంది. మూతలన్నిటికీ పేస్టు రాసినా కారుతోందని నెత్తి బాదుకొనేవాళ్ళు ముందు ఆ చిన్న రబ్బరు ముక్కను చూశారా? అది బాగానే ఉండి కూడా పొగ, నూనె బుసలు కొడుతూ వస్తుంటే రింగులు అరిగాయన్నమాట. దానికి మూతల దగ్గర మందు లేదు.

ఇక యజమానుల పాపం. ఇందులో నేనూ పాపినే. ఈ బండిలో నూనెకు వేరే గది ఉంది. ఒక పంపు అక్కడి నుంచి తోడుతుంది, ఇంకొకటి తిరిగి అక్కడికి చేరుస్తుంది. నెల రోజులు బండి కదలకపోతే ఆ నూనె మెల్లగా జారి కింది గదిలోకి దిగుతుంది. మనం చల్లటి బండిలో పుల్ల ముంచి చూసి, అయ్యో తక్కువైందని మళ్ళీ పోస్తాము. మరుక్షణం కిక్కు కొట్టగానే అదనపు నూనె ఊపిరిగొట్టం గుండా వాంతి అవుతుంది. "చూశారా, కారుతోంది!" అంటాము. బండిని కాసేపు నడిపి, నూనె దాని చోటికి చేరాక కొలవవలసింది. నేను మూడేళ్ళు చల్లటి ఇంజనులోనే కొలిచాను.

దోషం పుట్టిన చోటు కనిపెట్టడానికి నేను చేసేది చెబుతాను. కిరసనాయిలుతో ఇంజనంతా కడిగి, ఆరనిచ్చి, సుద్దపొడి చల్లుతాను. బడి మానినా సుద్దముక్క నన్ను వదలలేదు. అయిదారు కిలోమీటర్లు పోయి వచ్చి చూస్తే తెల్లని పొడిలో నల్లని జాడ తెలుస్తుంది. నూనె కిందికి జారుతుంది, గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందుచేత బొట్టు పడేచోటు కాదు, తడి అన్నిటికంటే పైన, ముందువైపు ఎక్కడుందో అదీ మూలం.

వంగిన మూతను సరిచేయడానికి నున్నటి కడప బండ మీద అద్దపు పలక, దాని మీద ఎమరీ కాగితం పరిచి, మూత అంచున పెన్సిలు గీతలు గీసి తిప్పి తిప్పి రుద్దుతాను. గీత చెరగని చోటు పల్లం. అన్ని గీతలూ సమంగా చెరిగేదాకా ఓపిక ఉండాలి. రాగి వాషర్లకు గురువు ప్రొద్దుటూరులోని ఒక కంసాలి. నలిగి బిరుసెక్కిన వాషరును ఊదుగొట్టపు మంటలో ఎర్రగా కాల్చి నీళ్ళలో వేసి ఇచ్చాడు. రాగి మెత్తబడి మళ్ళీ ప్లగ్గుకు ఒదిగింది. "బంగారానికైనా రాగికైనా ఇంతే అయ్యవారూ, కాలిస్తే మెత్తబడతాది" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

కాదనలేని మాట ఒకటుంది. ఆ కాలపు పోతపని, ప్యాకింగు కాగితం నేటివంత నాణ్యమైనవి కావు. ఇంజను, గేరుబాక్సు ఒకే పెట్టెలో అమర్చిన కొత్త ఇంజన్ల పొడితనం వీటికి రాదు. చెమర్చడాన్ని నేను క్షమిస్తాను. కానీ మొన్న ఒక మిత్రుడు "మాష్టారూ, ఆ కారడంలోనే పాత బండి అందముంది" అని రాశారు. అయ్యా, ముసలివాడి ముడతలు అందమంటే ఒప్పుకుంటాను. పుండు అందమంటే ఎట్లా? మీరు అందమన్న దాన్ని చూపించే షెడ్డువాళ్ళు బండ్లను తూకానికి వేయిస్తున్నారు. మా వీధిలో అట్లా పోయినవి రెండు.

పోయిన నెల ఆ ప్రొద్దుటూరు మనిషే ఏదో పని మీద జమ్మలమడుగు వచ్చి, దారిలో మా ఇంటి ముందు ఆగాడు. వసారాలో బండి కింద పరిచిన అట్టముక్కను వంగి చూశాడు. శుభ్రంగా ఉంది. అతని ముఖంలో నిజంగానే ఆందోళన కనబడింది.

"సార్, ఒకసారి చూసుకోండి. ఆయిలు అయిపోయిండాదేమో!"

కిక్కు కొట్టి, పది నిమిషాలు ఇంజను ఆడనిచ్చి, పుల్ల తీసి చూపించాను. గీత దాకా ఉంది.