నాలా గట్టుకు వావిలి కావాలి

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండల మీద పడ్డ వాన ఎటు పోతుందో తెలియాలంటే కుండపోత కురిసిన రోజు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీలు చూడాలి. పైన బంగళాల సిమెంటు ముంగిళ్ల మీంచి జారిన నీరు కింద జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్ అద్దెకుండే గదుల్లోకి చేరుతుంది. పడమటికి వాలిన నీరు దుర్గం చెరువు దారి పడుతుంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువది. కొండ వాలులో ఇంకా మట్టి మిగిలిన నాలా గట్లను, చెరువు అంచులను మొక్కలతో కాపాడుకోవాలి. ఆ పనికి వావిలిని మించిన పొద మనకు లేదు.

వావిలి ఈ నేలలో పుట్టిన మొక్క. వాగు ఒడ్డున, చెరువు కట్ట వెంట, చెమ్మ ఉన్న చోట ఎవరూ నాటకుండానే గుబురుగా లేస్తుంది, ఎండాకాలాన్నీ తట్టుకుంటుంది. ఒక్కో కాడకు మూడో అయిదో సన్నని ఆకులు. పైవైపు ముదురు పచ్చ, తిరగేస్తే బూడిద పూసినట్టు తెల్లన, నలిపితే ఘాటు వాసన. కొమ్మల చివర లేత ఊదా పూలగుత్తులు విచ్చితే తేనెటీగలు వదలవు. కొమ్మ నరికి తడినేలలో గుచ్చితే చాలు, బతుకుతుంది. పశువులు పెద్దగా ముట్టవు. బాలింతల స్నానానికి ఈ ఆకులు వేసి నీళ్లు కాచేవారు, ధాన్యానికి పురుగు పట్టకుండా గాదెల్లో వేసేవారు. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రిలో సింధువారం ఇదే. ఇంత తెలిసిన మొక్కను వదిలి నగరమంతా కోనోకార్పస్ చెట్లు నాటాం, తర్వాత ప్రభుత్వమే వాటిని వద్దంది. వాటిలాగే చెరువుల్ని కమ్మేసే లొట్టపీసు, గుర్రపుడెక్క కూడా బయటి నుంచి వచ్చినవే.

పొదలుంటే దోమలు, పాములు చేరతాయని కాలనీవాసుల భయం. కానీ దోమ గుడ్లు పెట్టేది నిలవ నీటిలో, పొదల్లో కాదు. పైగా పల్లెల్లో దోమలు పోవడానికి ఈ వావిలాకుతోనూ పొగ వేస్తారు. పాముల భయం నిజమే, అందుకు ఏటా మొదలు దాకా కొట్టేస్తే సరిపోతుంది, మళ్లీ చిగురిస్తుంది. గోడ కడితే గట్టిగా ఉంటుంది కదా అనేవారున్నారు. ఇళ్లు నాలాను ఆనుకున్న చోట గోడ తప్పదు, ఒప్పుకోవాలి. కానీ గోడ నీటిని ఇంకనివ్వదు, వేగం పెంచి కిందివాళ్ల మీదికి తోస్తుంది. పొద వరదను ఆపుతుందా అంటే, ఆపదు. వరద తగ్గాలంటే ఆక్రమణకు గురైన నాలాలను విడిపించాలి, 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడింది అలాంటి పనులకే. అయితే విడిపించిన నాలా గట్టును బోడిగా వదిలేస్తే తొలకరికే మట్టి కోసుకుపోయి నాలా మళ్లీ పూడుతుంది. పూడిక తీయడానికి ఏటా ఖర్చు పెట్టే ఊరు, ఆ మట్టిని గట్టు మీదే పట్టి ఉంచే వేళ్లకు కొంత ఖర్చు పెట్టలేదా? నగరపాలక సంస్థ నర్సరీలు వచ్చే వానాకాలానికి వావిలి మొక్కలు సిద్ధం చేయాలి. కాలనీ సంఘాలు ఇప్పటి నుంచే అడగాలి.