చిలుకూరు కథ నుంచి మనం నేర్చుకోవలసినది



2023 ఆగస్టులో జరిగిన వేలంలో కోకాపేటలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. ఆ అద్దాల మేడలకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అంటాం) దగ్గర, డబ్బుతో పని లేని గుడి ఒకటుంది. అదే చిలుకూరు బాలాజీ దేవాలయం. అక్కడ హుండీ లేదు. వి.ఐ.పి. దర్శనం లేదు. కోరిక కోరుకుంటే 11 ప్రదక్షిణలు, తీరితే 108. విదేశీ చదువుల కోసం వచ్చేవారి వల్ల 'వీసా బాలాజీ' అనే పేరు కూడా వచ్చింది.

విహారయాత్రకు వెళ్లినవాళ్లు ప్రదక్షిణలు లెక్కపెట్టుకొని, ప్రసాదం తిని బస్సెక్కుతారు. గుడి కథ తెలుసుకొని వచ్చేవాళ్లు తక్కువ. ఆ కథ ఇది.

ఒక భక్తుడు ఏటా తిరుపతికి వెళ్లేవాడట. ఒక ఏడాది జబ్బుపడి వెళ్లలేకపోయాడు. స్వామి కలలో కనిపించి, "నీ దగ్గరి అడవిలోనే నేనున్నాను, బాధపడకు" అన్నాడు. చెప్పిన చోటికి వెళితే పుట్ట కనిపించింది. తవ్వుతుంటే గొడ్డలి దెబ్బ స్వామి విగ్రహానికి తగిలి రక్తం కారింది. పుట్టను ఆవుపాలతో తడపమని ఆకాశవాణి పలికింది. అలా చేయగా శ్రీదేవి, భూదేవులతో కూడిన స్వామి బయటపడ్డాడు.

నడవలేని మనిషి దగ్గరికి దేవుడే వచ్చాడన్నది ఈ కథలోని సారం. మరి గుడి గడప దగ్గరే ఆపేసిన మనిషి సంగతేమిటి? దానికి శ్రీరంగం కథ జవాబు చెబుతుంది. పన్నెండుమంది ఆళ్వారులలో ఒకరైన తిరుప్పాణాళ్వారును అంటరానివాడన్నారు. ఆయన కావేరి ఒడ్డున నిలబడి పాడుకునేవాడు. దారి తొలగలేదని లోకసారంగముని రాయి విసిరాడు. ఆ దెబ్బకు గుడిలో స్వామి నుదుట రక్తం వచ్చిందట! ఆ భక్తుణ్ణి భుజాలపై మోసుకురమ్మని స్వామి ఆజ్ఞాపించాడు. 2018 ఏప్రిల్ 16న హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుడిలో చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ణి భుజాలపై మోసుకొని లోపలికి తీసుకెళ్లి, ఆ కథను మన కళ్లముందు నిలిపారు.

అది మెచ్చుకోదగిన పని. అయితే నా అభిప్రాయం ఒకటుంది. భుజాలపై మోయడం గౌరవం, సొంత కాళ్లతో నడిచి వెళ్లడం హక్కు. గౌరవం ఇచ్చేవారి మంచితనం మీద ఆధారపడుతుంది, హక్కుకు ఆ అవసరం లేదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. గుడిలోకి రానివ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. ఇంత ఉన్నా, మన పల్లెల్లో కొన్నిచోట్ల గడప బయటే నిలబడి కొబ్బరికాయ అందించే అమ్మానాన్నలు ఇంకా ఉన్నారు.

"మనకు గుళ్లతో ఏం పని? చదువు, ఉద్యోగం చాలు" అనే మిత్రులున్నారు. చదువే ముఖ్యం, కాదనను. కానీ 1930లో నాసిక్ కాలారాం గుడి ముందు సత్యాగ్రహం మొదలుపెట్టిన అంబేద్కర్ గారు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లలేదు. మనుషులుగా మన సమానత్వాన్ని ఒప్పుకుంటారా లేదా అని తేల్చుకోవడానికి వెళ్లారు. దేవుణ్ణి నమ్మడం, నమ్మకపోవడం ఎవరి ఇష్టం వారిది. "నువ్వు రావద్దు" అనే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

కాబట్టి మిత్రులారా, ఈసారి ఏ గుడికి వెళ్లినా దాని కథ అడిగి తెలుసుకోండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి గుడి కథను కూడా పెద్దలను అడగండి. ఆ గుడికి రాళ్లు మోసిందెవరు? జాతరలో డప్పు కొట్టేదెవరు? వాళ్లు లోపలికి వెళ్లగలుగుతున్నారా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు రాసి తెండి. వచ్చే వార్షికోత్సవ సంచికలో వాటిని అచ్చు వేసుకుందాం. మన కథ మనమే రాసుకోకపోతే మరెవరు రాస్తారు?